జిగటయు బిగువును: టేబుల్ టెన్నిసు రబ్బరుల పూర్వగాథ

1952వ సంవత్సరమున బొంబాయి నగరమున ప్రపంచ టేబుల్ టెన్నిసు పోటీలు జరిగినవి. ఆసియా ఖండమున ఆ పోటీలు జరుగుట అదియే ప్రథమము. జపానునుండి వచ్చిన హిరోజీ సాటో అను ఆటగాని బ్యాటునకు, అంతవరకు లోకమెరిగిన బొడిపెల రబ్బరునకు మారుగా దళసరి స్పాంజి అతికింపబడి యుండెను. ఆ స్పాంజి బంతి తగిలినప్పుడు చప్పుడు చేయదు. ఇది సామాన్యవిషయము కాదు. అంతకుముందు పాతికేండ్లుగా ఆటగాండ్రు, ఎదుటివాని బ్యాటు చేయు చప్పుడును విని, దెబ్బ బలమును బంతి వచ్చు వేళను సగము చెవితోనే లెక్కగట్టుకొనుటకు అలవాటుపడి యుండిరి. ఆ చప్పుడు లేకపోగా, కన్ను చూచినదానికి చెవి సాక్ష్యమీయక, ఎంతటి ప్రవీణుల చేయియైనను క్షణమాత్రము తడబడెను. అంత్యపోటీలో హంగెరీ వీరుడు కోత్సియాన్‌ను ఓడించి సాటో ప్రపంచ విజేత యయ్యెను.

నేడు మన ఊళ్ల క్లబ్బులలో, సాయంకాలము ఆట ముగిసి బ్యాట్లు తుడుచుకొను వేళ, ఫోర్‌హ్యాండునకు ట్యాకీ అను జిగట రబ్బరు వేయవలెనా, హైబ్రిడ్ వేయవలెనా, బ్యాక్‌హ్యాండునకేది తగును అని యువకులు తర్కించుకొనుట తరచుగా వినబడును. వారు దానిని అంగడి సమస్యగా భావింతురు. కాని యీ ప్రశ్నకు డెబ్బది యేండ్ల వంశచరిత్ర కలదు. ఆ వంశమునకు మూలపురుషుడు బొంబాయిలోని ఆ నిశ్శబ్దపు స్పాంజియే యని నా యభిప్రాయము.

స్పాంజికి పూర్వపుగాథ క్లుప్తముగా చెప్పినను చాలును. ఇంగ్లండులో ఈ ఆట పుట్టిననాడు బ్యాటు తోలు బిగించిన చిన్న డప్పువలె నుండెడిది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున సెల్యులాయిడు బంతి ప్రచారములోనికి వచ్చిన పిమ్మట, చెక్కపై బొడిపెల రబ్బరును అతికించు పద్ధతి స్థిరపడెను. 1926లో లండనులో మొదటి ప్రపంచ పోటీలు జరిగినప్పుడును, 1936లో ప్రేగు నగరమున ఎర్లిహ్, పనేత్ అను ఇరువురు ఒక్క పాయింటు కొరకు రెండు గంటలకు పైగా బంతిని అటునిటు త్రోయుచు ప్రేక్షకుల సహనమును పరీక్షించినప్పుడును, ఆటగాండ్ర చేతనున్నది ఈ బొడిపెల రబ్బరే. దానికి బంతిని పట్టి త్రిప్పు శక్తి స్వల్పము. అందుచేతనే ఆడుటకంటె ఆపుట సులభమయ్యెను.

స్పాంజి వచ్చుటతో ఆట యొక్క సమతూకము తలక్రిందులయ్యెను. ఏడేండ్ల కలహమునకు పిదప, 1959లో అంతర్జాతీయ సమాఖ్య ఒక నిర్ణయము చేసెను: ఒట్టి స్పాంజి కూడదు, స్పాంజిపై రబ్బరు పొర యుండి తీరవలెను, జిగురుతో సహా రెండును కలిపి 4 మిల్లీమీటర్లకు మించరాదు. బొడిపెలు వెలుపలికి కాక లోపలికి, స్పాంజి వైపునకు త్రిప్పి అతికించినచో, పైన నున్నని తలము మిగులును. బంతిని ఒరసి త్రిప్పుటకు ఆ తలము మిక్కిలి యనువైనది. ఆ కాలముననే జపాను ఆటగాండ్రు లూప్ అను క్రొత్త దెబ్బను సాధించుచుండిరి. వారు బంతిని ముందునకు కొట్టుటకు మారుగా, క్రిందినుండి పైకి ఒరసుచు, దానికి చక్రమువంటి భ్రమణము నిచ్చెడివారు. నాటినుండి నేటివరకు రబ్బరుల చరిత్రయంతయు, ఆ భ్రమణమును దేనితో పుట్టింపవలెనను ఒక్క ప్రశ్నకు లోకము వెదకిన సమాధానములే. ఆ సమాధానములు రెండు పాయలైనవి: ఒకటి జిగట, రెండవది బిగువు.

జిగట చీనావారి మార్గము. 1959లో రోంగ్ గ్వోత్వాన్ డార్ట్‌మండు నగరమున గెలిచి ఏ క్రీడయందైనను చీనాకు తొలి ప్రపంచ విజేత యయ్యెను. అటుపిమ్మట ఆ దేశము ఈ ఆటను జాతీయకార్యముగా చేపట్టి, రబ్బరును సైతము తన కర్మాగారములలోనే రూపొందించుకొనెను. తియాన్‌జిన్ నగరపు ఫ్రెండ్‌షిప్ 729, షాంఘై నగరపు డబుల్ హ్యాపీనెస్ వారి హరికేన్ రబ్బరులు ఈ సంప్రదాయమునకు ప్రసిద్ధ నిదర్శనములు. ఈ రబ్బరు పై పొర చేతికి అంటుకొనునట్లుండును. బ్యాటును బంతిపై నొక్కి మెల్లగా పైకెత్తినచో, మంచి జిగటగల రబ్బరు బంతిని కొన్ని క్షణములు వ్రేలాడదీయును. దాని క్రిందనుండు స్పాంజి గట్టిది. చీనా కొలమానమున 39 నుండి 41 డిగ్రీల వరకు నుండును. దాని గుణము విచిత్రము: మెల్లగా తాకినచో బంతి చచ్చినట్లు పడిపోవును, అందువలననే సర్వీసునకు, వలదగ్గర చిన్న బంతికి, దానిని మించినది లేదు. బలముగా, నడుము త్రిప్పి, చేయి పూర్తిగా విసరి కొట్టినచో ఆ గట్టి స్పాంజి మేల్కొనును. బంతి బల్లపై పడి పాము లేచినట్లు ముందునకు దుముకును. ఇది కష్టపడినవానికే ఫలమిచ్చు రబ్బరు, సోమరికి ఏమియు నీయదు. ప్రతిదినము గంటల తరబడి అభ్యాసము చేయు ఒక దేశపు శిక్షణాలయములలోనే ఇది వర్ధిల్లుట యాదృచ్ఛికము కాదని నాకు తోచును.

రెండవ పాయయైన బిగువు కథలో పరిమళము కలదు, విషమును కలదు. 1967లో జపానులోని బటర్‌ఫ్లై సంస్థవారి శ్రైవర్, 1969లో యసాకా వారి మార్క్ ఫైవ్ వెలువడి, సాగుడుగల రబ్బరులకు ఆదర్శములైనవి. 1970వ దశకమున యూరపు ఆటగాండ్రు, సైకిలు ట్యూబుల పంక్చరులు అతుకు జిగురును స్పాంజికి పూసినచో, అందలి ద్రావకము స్పాంజి గదులలో చేరి దానిని ఉబ్బించుననియు, పై పొర క్రిందినుండి లాగబడి మద్దెల తోలువలె బిగియుననియు కనుగొనిరి. 1979లో ప్యోంగ్‌యాంగ్ నగరమున యోనియెర్, క్లాంపార్, గెర్గెలీలతో కూడిన హంగెరీ జట్టు చీనాను ఓడించి ప్రపంచ కిరీటము గెలుచుకొనుట ఆ యుగపు ప్రధానఘట్టము. ప్రతి పోటీకి ముందు జిగురు పూయుట ఒక కర్మకాండ యయ్యెను. బిగిసిన రబ్బరునుండి వెలువడు ఖణేల్ మను ధ్వని విని ఆటగాడు సంతృప్తి పడెడివాడు. బొంబాయిలో పోయిన చప్పుడు ఈ విధముగా మరల వచ్చెను. కాని ఆ ద్రావకముల ఆవిరులు ఆరోగ్యమునకు హానికరములు. అందుచేత 2008 సెప్టెంబరు 1 నుండి సమాఖ్య వానిని నిషేధించెను. నిషేధము సమంజసమే. తయారీదారులు బిగువును కర్మాగారముననే రబ్బరులో బంధించు ప్రయత్నము అంతకుముందే ఆరంభించియుండిరి. 2008లోనే వెలువడిన టెనర్జీ రబ్బరు, రంధ్రములు పెద్దవైన సాగుడు స్పాంజితో, జిగురు లేకయే జిగురు పూసిన యనుభూతి నిచ్చెను.

ఇక ఫోర్‌హ్యాండు బ్యాక్‌హ్యాండుల భేదము. పూర్వము ఆసియా ఆటగాండ్రలో పెక్కుమంది కలమువలె బ్యాటును పట్టి, ఒక వైపుతోనే ఆడెడివారు. వారికి రెండవ రబ్బరు ప్రశ్నయే లేదు. కరచాలనము వలె పట్టువారికి రెండు వైపులును వలెను. ఈ రెండు వైపులను ఆయుధముగా మార్చినవారును కలరు: ఒక వైపు జిగటది, మరొక వైపు భ్రమణము పుట్టని నిర్జీవమైన రబ్బరు, రెండును ఒకే రంగుది వేసికొని, చేతిలో బ్యాటును గిరుక్కున త్రిప్పి, ఏ వైపు తాకినదో ఎదుటివాడు చప్పుడునుబట్టి పసిగట్టకుండుటకు సర్వీసు వేళ నేలపై పాదము తాటించెడివారు. 1980వ దశకమున ఒక వైపు ఎరుపు, మరొక వైపు నలుపు ఉండి తీరవలెనను నియమము వచ్చి ఈ మాయ నంతమొందించెను. 1990వ దశకమున ల్యూ గ్వోల్యాంగ్ కలము పట్టులోనే బ్యాటు వెనుకవైపున రబ్బరు వేసి కొట్టుట ఆరంభించి, 1996 ఒలింపిక్కులలో స్వర్ణము గెలువగా, ఆ పట్టువారికిని రెండవ రబ్బరు చింత తప్పకపోయెను.

బంతి సైతము మారెను. 2000లో 38 మిల్లీమీటర్ల బంతి 40 అయ్యెను. 2014లో సెల్యులాయిడు పోయి ప్లాస్టిక్కు వచ్చెను. క్రొత్త బంతి కొంత పెద్దది, మునుపటివలె తిరుగదు. తగ్గిన భ్రమణమును తిరిగి సంపాదించుటకు బిగువు రబ్బరులవారు జిగట వైపు చూచిరి. ఇట్లు పుట్టినదే హైబ్రిడ్. బటర్‌ఫ్లై వారి డిగ్నిక్స్ 09సీ, యసాకా వారి రక్జా జెడ్, టిబార్ వారి హైబ్రిడ్ కే3 మున్నగునవి ఈ సంతతివి. పైన చీనా జిగట, క్రింద జపాను జర్మనీల సాగుడు స్పాంజి. యాబదియేండ్లు వేరువేరుగా ప్రవహించిన పాయలు ఒక్క తాటిపైకి వచ్చుటకు కారణము ఒక నిషేధము, ఒక క్రొత్త బంతి.

జిగట బిగువులలో దేనిని ఎచట నుంచవలెనను విషయమున నా యభిప్రాయము దేహమునుబట్టి నడచును. ఫోర్‌హ్యాండునకు నడుము, భుజము, మోచేయి అన్నియు తోడ్పడును. వెనుకకు లాగుటకు చోటు, సమయము ఉండును. అట్టి పొడవైన విసురునకే గట్టి స్పాంజి లొంగును. 2016, 2021 ఒలింపిక్కుల విజేత మా లాంగ్ ఫోర్‌హ్యాండున హరికేన్ 3 నుంచుటకు హేతువిదియే. బ్యాక్‌హ్యాండునకు బంతి ఉదరమునకు ఎదురుగా వచ్చును, మోచేయి, మణికట్టు మాత్రమే పనిచేయును, విసురు జానెడు. అచ్చట గట్టి జిగట రబ్బరు నిద్రలేవకయే దెబ్బ ముగిసిపోవును. కనుక పెక్కుమంది చీనా క్రీడాకారులు సైతము బ్యాక్‌హ్యాండునకు జపాను, జర్మనీ రబ్బరులనే చిరకాలముగా వాడుచున్నారు. హైబ్రిడ్ ఈ రెండింటి నడుమ నిలిచి, అర్ధబలముతో కొట్టినను బంతిని త్రోయును. కాని దానికి వెల యెక్కువ, బరువును కొంత యెక్కువ. దినమున రెండు గంటలు ఆడలేని ఉద్యోగస్థునకు ఫోర్‌హ్యాండున హైబ్రిడ్, బ్యాక్‌హ్యాండున జిగట లేని మెత్తని స్పాంజి రబ్బరు నేను నిస్సంకోచముగా చెప్పుదును. నిత్యాభ్యాసము గల బాలుని విషయము వేరు. వానికి మొదటినుండి అసలు జిగట రబ్బరునే ఇచ్చి, నడుము త్రిప్పుట నేర్పినచో, ఆ విద్య వాని దేహములో నిలుచును. సులభమైన రబ్బరుతో నేర్చినవాడు ఆ శ్రమను తరువాత కోరి తెచ్చుకొనుట అరుదు. జిగట రబ్బరునకు దుమ్ము శత్రువు కనుక, ఆట ముగియగానే తడిస్పాంజితో తుడిచి, పలుచని ప్లాస్టిక్కు కాగితము కప్పియుంచుట గూడ వానికి ఆనాడే నేర్పవలెను.

పోటీ ఆరంభమునకు ముందు ఇరువురును బ్యాట్లు మార్చుకొని చూచుకొనవలెనని నియమము కలదు. అప్పుడు ఎదుటివాని రబ్బరుపై బొటనవ్రేలు ఆనించి మెల్లగా జరిపినచో, అది జారినదా, అంటుకొన్నదా, నొక్కిన చోట స్పాంజి లొంగినదా, ఎదిరించినదా తెలిసిపోవును. పిదప బ్యాట్లు ఎవరివి వారు తీసికొని బల్లకు చెరొకవైపు నిలుతురు. మొదటి సర్వీసు పడును. ఎదుటివాడు చెవియొగ్గి వినును.