సూది తీసిన తర్వాతి గంటలు

మనిషి కదలకుండా కూర్చున్నా, గుండె నిమిషానికి పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు రెండు మూత్రపిండాలకే చేరుతుంది. అటువంటి అవయవంలోకి వీపు మీదుగా సూది దింపి ముక్క తీస్తే నెత్తురు కారుతుందా అన్న సందేహానికి తావే లేదు. ఎంత కారుతుంది, ఎప్పుడు ఆగుతుంది అన్నవే బయాప్సీ చరిత్రంతటా వైద్యులను వేధించిన ప్రశ్నలు.

స్వీడన్‌లోని లుండ్ నగరంలో నిల్స్ ఆల్వాల్ 1944లోనే ఈ సాహసం చేశారు. ఒక రోగి మరణించడంతో మానుకున్నారు. ఆ అనుభవాన్ని 1952 దాకా అచ్చువేయలేదు. ఈలోగా 1951లో కోపెన్‌హేగన్ వైద్యులు పౌల్ ఇవర్సన్, క్లాస్ బ్రున్‌ల పత్రం వెలువడింది, పేరు వారికి దక్కింది. ఆల్వాల్ మౌనాన్ని తప్పుపట్టడం తేలికే గాని, ఒక ప్రాణం పోయాక సూది పక్కన పెట్టిన వైద్యుణ్ణి పిరికివాడనలేం.

డెన్మార్క్ పద్ధతిలో రోగిని కూర్చోబెట్టి, ఎక్స్‌రే ఆధారంగా చోటు అంచనా వేసి, సూదితో కణజాలాన్ని పీల్చేవారు. ఇంచుమించు సగం ప్రయత్నాలు వృథా అయ్యేవి. 1954లో చికాగోలో రాబర్ట్ కార్క్, రాబర్ట్ మ్యూర్కీ దీన్ని మలుపు తిప్పారు. రోగిని బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద ఇసుక సంచి పెట్టారు. ముందుగా సన్నటి సూది దించి చూసేవారు. ఊపిరితో పాటు అది ఊగితే మూత్రపిండం అందినట్టే. అప్పుడు ఊపిరి బిగపట్టమని, కింది కొస నుంచి ముక్క కోసేవారు. పెద్ద రక్తనాళాలు అక్కడ తక్కువ. నూటికి తొంభైకి పైగా సఫలమయ్యాయి. గురి కుదిరితే పదేపదే గుచ్చే పని తప్పుతుంది కాబట్టి నా దృష్టిలో రక్తస్రావ నివారణకు అసలు పునాది ఇదే. తర్వాత వచ్చిన అల్ట్రాసౌండ్, స్ప్రింగుతో పనిచేసే సూదులు ఆ గురినే ఇంకా పదును పెట్టాయి.

మందుల కథ వేరు. మూత్రపిండాలు చెడినవారిలో ప్లేట్‌లెట్లు లెక్కకు సరిపడా ఉన్నా పని సరిగా చేయవు. డెస్మోప్రెసిన్ ఇస్తే వారిలో రక్తం త్వరగా ఆగుతుందని 1983లో ఇటలీ వైద్యుడు మన్నూచీ బృందం చూపింది. 2011లో మరో ఇటలీ బృందం, మూత్రపిండాల పనితీరు బాగున్నవారిలోనూ బయాప్సీ తర్వాతి రక్తస్రావం తగ్గిందని ప్రకటించింది. అయితే ఈ మందు ఒంట్లో నీటిని నిలిపి సోడియం పడిపోయేలా చేయగలదు కనుక అందరికీ ఇవ్వాలా అన్న వాదన తెగలేదు. బీపీని అదుపులోకి తెచ్చాకే సూది పట్టాలన్న విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు.

ఇక కాపలా. చికాగోలోనే విట్టియర్, కోర్బెట్ 750 బయాప్సీలను పరిశీలించి 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం, చిక్కుల్లో మూడింట రెండు వంతులే మొదటి 8 గంటల్లో బయటపడ్డాయి. సాయంత్రానికల్లా ఇంటికి పంపేస్తే మిగతా వంతు ఇంట్లోనే మొదలవుతుందన్నమాట. కొద్దిపాటి ప్రమాదమే ఉన్నవారిని అదే రోజు పంపే ఆసుపత్రులు ఇప్పటికీ ఉన్నాయి. రాత్రంతా నాడి, బీపీ, మూత్రం రంగు చూస్తూ మంచం మీదే ఉంచేవీ ఉన్నాయి.