టీ గ్లాసు మన పొలం గట్టుకి ఎలా చేరింది

ఈసారి ఎరువుల కబురు, పురుగుమందుల కబురు కాదు. టీ గురించి రాస్తున్నాను. పోస్టు కాస్త పెద్దదే. టీ పెట్టుకుని కూర్చుని చదవండి. గాని ఇప్పుడే అన్నం తిని ఉంటే మాత్రం ఒక గంట ఆగి పెట్టుకోండి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

పోయిన ఏడు ఉడుపుల్లో మా ఇంటావిడ మడిలో వంగి లేస్తూనే కళ్లు తిరిగి గట్టు మీద కూలబడింది. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 ఉంది. ఐరన్ మాత్రలు ఇచ్చారు. మూడు నెలలు మానకుండా వేసుకుంది, అయినా పెద్దగా పెరగలేదు. మాత్రలే మంచివి కావని నేను గోల పెట్టాను కూడా. ఒకరోజు మా ఊరి నర్సమ్మ ఇంటికొచ్చి "మాత్ర దేంతో మింగుతున్నావు వదినా?" అని అడిగింది. "టీతోనే, పొద్దున టిఫినయ్యాక" అంది మా ఆవిడ. నర్సమ్మ తల పట్టుకుంది. టీతో మింగితే మాత్రలో ఇనుము ఒంటికి సరిగా పట్టదట. ఆ మాట ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అప్పటినుంచి నాకొక ప్రశ్న పట్టుకుంది. మా తాత టీ ఎరగడు. పొద్దున్నే చోడి అంబలి తాగి నాగలి కట్టేవాడు, మధ్యాహ్నం మజ్జిగ. మా నాన్న సంతకెళ్తే ఒక టీ తాగేవాడు, అదీ గొప్పగా చెప్పుకునేవాడు. నేనేమో రోజుకి ఆరు తాగుతాను. కూలీలకి టీ పట్టుకెళ్లకపోతే మర్నాడు మన మడిలోకి ఎవరూ రారు. మూడు తరాల్లో ఇంత మార్పు ఎలా వచ్చింది? దొరికిన పుస్తకాలు తిరగేశాను. తెలిసింది చెప్తాను.

టీ పుట్టిల్లు చైనా అని మీకు తెలిసిందే. ఇంగ్లీషువాళ్లకి దానిమీద మోజు పట్టింది గాని, చైనావాళ్లు దానికి వెండి తప్ప ఇంకేదీ పుచ్చుకునేవాళ్లు కాదు. వెండి అంతా పోతోందని ఈస్టిండియా కంపెనీ ఒక దారి వెతికింది. అది మన రైతు నెత్తిమీద నడిచిన దారి. బీహారు, కాశీ వైపు రైతులకి బయానా ఇచ్చి గసగసాల పంట వేయించడం, నల్లమందు కంపెనీయే కొనడం, ధర కూడా కంపెనీయే కట్టడం. ఆ నల్లమందు చైనాలో అమ్మించి ఆ డబ్బుతో టీ కొనడం. చైనా రాజు నల్లమందు వద్దన్నందుకు 1839లో యుద్ధమే వచ్చింది. బయానా పుచ్చుకుని కంపెనీ చెప్పిన ధరకి పంట ఇవ్వడమంటే ఎలా ఉంటుందో మనలో కొందరికి వేరే చెప్పక్కర్లేదు.

చైనా మీద ఆధారపడితే లాభం లేదని ఇక్కడే పండించాలనుకున్నారు. అస్సాంలో 1823లో రాబర్ట్ బ్రూస్ అనే ఆయనకి సింగ్‌ఫో అనే గిరిజనుల పెద్ద ఈ మొక్క చూపించాడు. "కనిపెట్టారు" అని పుస్తకాల్లో రాస్తారు గాని, సింగ్‌ఫోలు అంతకుముందునుంచే ఆ ఆకు వాడుకుంటున్నారు. 1838లో 12 పెట్టెల అస్సాం టీ లండన్‌కి ఓడెక్కింది. మరుసటేడే అస్సాం కంపెనీ పుట్టింది. అడవులు కొట్టి తోటలు వేశారు.

తోటలు సరే, ఆకు ఎవరు కోయాలి? ఇది మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన సంగతి. చోటా నాగపూర్ గిరిజనుల్ని, ఒరిస్సా వాళ్లని, ఇంకా మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్లని కూడా మేస్త్రీలు పట్టుకెళ్లారు. అప్పటి లెక్కలో శ్రీకాకుళం గంజాంలోది, విజయనగరం విశాఖపట్నంలోది. అంటే మా తాతముత్తాతల ఇరుగుపొరుగు అన్నమాట. మా వైపు రంగం వెళ్లినవాళ్ల కథలు ఇంటింటా చెప్పుకుంటారు. అస్సాం వెళ్లినవాళ్ల కథలు పెద్దగా వినపడవు. అస్సాం తోటల్లో తెలుగు మూలాలున్న కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి.

కరువొస్తే బయానా చేతిలో పెట్టి కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాళ్లు. 1859 చట్టం ప్రకారం బయానా పుచ్చుకుని పని మానేస్తే మూడు నెలల దాకా జైలు. 1865లో ఇంకో చట్టం తెచ్చి, పారిపోయిన కూలీని వారెంటు లేకుండా పట్టుకునే అధికారం తోట దొరకే ఇచ్చారు. దారిలో, తోటల్లో జ్వరాలకి, కలరాకి పోయినవాళ్లు చాలామంది. 1921లో చర్‌గోలా లోయ తోటల నుంచి వేలమంది కూలీలు గాంధీగారి పేరు చెప్పుకుంటూ మూటాముల్లె సర్దుకుని సొంతూళ్లకి నడక మొదలెట్టారు. చాంద్‌పూర్ స్టేషన్లో ఆపి, రాత్రిపూట సిపాయిలతో కొట్టించారు. తరవాత కలరా వచ్చి ఇంకొందరు పోయారు. ఇది చదివిన రోజు నాకు టీ తాగబుద్ధి కాలేదు. మర్నాడు తాగాననుకోండి.

ఇక్కడ ఆకు రకాల గురించి ఒక ముక్క చెప్పాలి. గ్రీన్ టీ, మనం వాడే నల్ల టీ, ఊలాంగ్, వైట్ టీ, అన్నీ ఒకే మొక్క ఆకు. కోసిన వెంటనే వేడి తగిలించి ఆరబెడితే గ్రీన్ టీ. వాడ్చి, నలిపి, గాలికి రంగు మారనిస్తే నల్ల టీ. మధ్యలో ఆపేస్తే ఊలాంగ్. లేత మొగ్గల్ని పెద్దగా కదపకుండా ఆరబెడితే వైట్ టీ. ఒకే వడ్లనుంచి పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యం, అటుకులు వచ్చినట్టే. ఇంగ్లీషువాళ్లు చాలాకాలం ఇవి వేరువేరు మొక్కలనుకున్నారు. చైనా తోటలు తిరిగి వచ్చిన రాబర్ట్ ఫార్చూన్ అనే ఆయన 1840ల్లో కాదని తేల్చాడు. విదేశాలకి పంపే గ్రీన్ టీకి అక్కడ నీలం రంగు మందు, జిప్సం పొడి కలుపుతుండగా ఆయనే కళ్లారా చూశాడు. కల్తీ ఈనాటిది కాదు!

అందుకే చెప్తున్నాను, సంతలో లూజు పొడి కొంటే ఒకసారి పరీక్ష చేయండి. వడపోత కాగితం మీద కాస్త పొడి పరిచి నీళ్లు చిలకరించండి. కాసేపాగి పొడి దులిపి, కాగితం కడిగి వెలుతురులో చూడండి. మంచి పొడైతే మరక పెద్దగా మిగలదు. రంగు కలిపినదైతే మరకలు తేలతాయి. పొడిమీద అయస్కాంతం తిప్పితే ఇనుప రజను ఉంటే అంటుకొస్తుంది.

మరి ఇంగ్లండుకి పోయే టీ మన ఊరికెలా వచ్చింది? 1903లో టీ ఎగుమతుల మీద సెస్ వేసి, ఆ డబ్బుతో ప్రచారం మొదలెట్టారు. మొదట్లో మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. 1930 తరవాత ప్రపంచమంతా మాంద్యం వచ్చి టీ ధర పడిపోయింది. సరుకు మిగిలిపోయింది. 1933లో ఎగుమతులకి కోటా పెట్టుకున్నారు. పంట మిగిలి ధర పడితే మనమేం చేస్తాం? రోడ్డుమీద పారబోసి ఏడుస్తాం. వాళ్లు ఏడవలేదు, కొత్త గిరాకీ తయారు చేశారు. సంతల్లో ఊరికే టీ పోశారు, ఇళ్లకొచ్చి కాచి చూపించారు, పైసా పొట్లాలు అమ్మారు, రైల్వే స్టేషన్లలో టీ ఎలా కాయాలో రంగురంగుల రేకు బోర్డులు పెట్టారు. గాంధీగారు టీ అనవసరం అన్నారు, అందులోని టానిన్ ఒంటికి మంచిది కాదని రాశారు. బోర్డులదే పైచేయి అయింది.

అయితే గ్లాసు మన చేతికి నిజంగా వచ్చింది యంత్రం వల్ల అని నా అభిప్రాయం. 1930ల మొదట్లో అస్సాంలోని అమ్‌గూరి తోటలో విలియం మెకర్చర్ అనే ఆయన ఆకుని నలిపి, చీల్చి, గుండ్రంగా చుట్టే యంత్రం చేశాడు. పాకెట్ మీద సి.టి.సి. అని ఉంటుంది చూడండి, అదే. స్వతంత్రం వచ్చాక ఇది బాగా పాకింది. ఈ గుళిక పొడి తొందరగా దిగుతుంది, ముదురు రంగొస్తుంది, ఆకు టీ కన్నా ఎక్కువ గ్లాసులొస్తాయి. అంటే పేదవాడికి చవక. పాలు పోసినా రుచి చావదు. పాలు, పంచదార దండిగా వేసి మరిగించడం మనవాళ్లు కనిపెట్టిన పద్ధతే. పొడి ఖర్చు తగ్గుతుందని ప్రచారం చేసే దొరలకి మొదట్లో అది నచ్చలేదట. హైదరాబాదులో ఇరానీ హోటళ్లవాళ్లు ఇంకో దారి పట్టారు. డికాక్షన్ మూతపెట్టి వేరేగా, పాలు చిక్కగా వేరేగా కాచి, గ్లాసులో కలుపుతారు. నగరం వెళ్తే నేను తాగకుండా రాను.

ఇప్పుడు ఆరోగ్యం సంగతి. టీ విషమూ కాదు, అమృతమూ కాదు. బ్రిటన్లో దాదాపు 5 లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించి 2022లో ఒక అధ్యయనం వచ్చింది. రోజుకి రెండు కప్పులు, ఆపైన నల్ల టీ తాగేవాళ్లలో మరణాలు కాస్త తక్కువగా కనపడ్డాయి. అది టీ వల్లేనని గట్టిగా చెప్పలేం. గ్రీన్ టీ తాగితే పొట్ట కరిగిపోతుందనే మాట మాత్రం నేను నమ్మను. మడిలో వంగేవాడికి పొట్ట ఎందుకుంటుంది చెప్పండి.

మనకి చెరుపు చేసేవి వేరే ఉన్నాయి. అన్నంతో పాటు, లేదా తిన్న వెంటనే టీ తాగితే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టడం సగానికి పైగా తగ్గుతుంది. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అంటే మన మడిలో ఊడ్చే పదిమందిలో ఐదారుగురు. వాళ్లకి మధ్యాహ్నం సద్ది విప్పగానే టీ పోసి, మంచి ఆసామి అనిపించుకుంటున్నది నేనే. రెండోది పంచదార. గ్లాసుకి రెండు చెంచాలంటే 8 నుంచి 10 గ్రాములు. ఆరు గ్లాసులకి 50 గ్రాములు దాటొచ్చు. 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మూడోది వేడి. 65 డిగ్రీలు దాటిన పానీయం అన్నవాహికకి క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉందని ఆ సంస్థవాళ్లే 2016లో చెప్పారు. పొగలు కక్కుతుంటే గటగటా తాగేవాళ్లు కాస్త ఆగండి.

మా ఇంట్లో ఇప్పుడు మాత్ర నిమ్మరసం నీళ్లతో, టీ దానికి దూరంగా. ఆరునెలల్లో ఆవిడకి 10.8 వచ్చింది. మడిలోకి టీ పదింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి. సద్ది వేళకి మజ్జిగో, ఉప్పేసిన నిమ్మనీళ్లో. మొదటిరోజు "ఏటి బావా, టీ పొడి అయిపోనాదా?" అని ఆటపట్టించారు. ఇప్పుడు అలవాటైంది. రాత్రిపూట నేను తులసి, అల్లం వేసి కాచుకుంటాను. అది టీ మొక్క కాదు కాబట్టి నిద్ర చెడదు.

ఇంకొక్క మాట. ఇప్పుడు దేశంలో పండే టీలో సగం దాకా పెద్ద తోటలది కాదు, మనలాంటి చిన్న రైతులది. నాలుగు కిలోలకి పైగా పచ్చాకు పోస్తేగాని కిలో పొడి రాదు. కోసిన ఆకు ఆ రోజే ఫ్యాక్టరీకి చేర్చాలి, నిలవ పెట్టుకోవడం కుదరదు. అక్కడ ఏ ధర చెప్తే అదే ధర. మన టమాటా రైతుకీ వాళ్లకీ తేడా నాకు కనపడలేదు.

మీ ఊళ్లో మొదటి టీ కొట్టు ఎవరు, ఏ ఏడాది పెట్టారో పెద్దవాళ్లని అడిగి రాయండి. మీ ఇళ్లలో ఎవరైనా అస్సాం తోటలకి వెళ్లి తిరిగి రానివాళ్లుంటే వాళ్ల పేరు కూడా రాయండి.