చెరువు మీద వెలసిన పేట



చెన్నైలో మన తెలుగువారికి త్యాగరాయనగర్ కొత్త చోటేమీ కాదు. పెళ్ళి బట్టలకూ నగలకూ అక్కడికే వెళ్తాం. ఆ పేరు మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులుగా పనిచేసిన పిట్టి త్యాగరాయ శెట్టిగారిది. నడిబొడ్డున ఉన్న పార్కు పేరు పానగల్ రాజావారిది. ఇద్దరూ తెలుగువారే. కాని మనం నడిచే ఆ వీధుల్లో చాలా భాగం ఒకప్పుడు చెరువని ఎందరికి తెలుసు?

నుంగంబాకం నుంచి సైదాపేట వైపు పొడవుగా సాగిన చెరువది. దొరలు దాన్ని ‘లాంగ్ ట్యాంక్’ అనేవారు. 1920 నాటికి జార్జిటౌను కిక్కిరిసిపోయింది. ఇళ్ళకు కొత్త జాగా కావలసివచ్చింది. ఆ ఏడే మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. పానగల్ రాజావారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 1923 ప్రాంతంలో, మాంబళం పథకం మొదలైంది.

అంత ఊళ్ళో అధికారుల కన్ను చెరువు మీదే ఎందుకు పడింది? వారి చోట మీరున్నా బహుశా అదే చేసేవారు. ఇళ్ళకు జాగా వెతికేవారు ముందుగా నాలుగు సంగతులు చూస్తారు. నేల ఎవరిది? ధర ఎంత? దారి ఉందా? చదునుగా ఉందా? చెరువు సర్కారుది. వందలమంది రైతులతో బేరమాడే పని లేదు. ఒక పక్క రైలు మార్గం, మరో పక్క మౌంట్ రోడ్డు. ఊరు పెరిగి పొలాలు తగ్గేసరికి చెరువు నీటితో పనేముందనిపించింది. గట్టు తెగింది, నీరు పోయింది, వీధులు వెలిశాయి. 1931లో పక్కనే ఎలక్ట్రిక్ రైలు నడిచింది. నడుమ పార్కు, దాని చుట్టూ వెడల్పైన రోడ్లు. పట్టణ నిర్మాణంగా చూస్తే మంచి పనే.

అయిదో ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. వాన పడితే నీరు ఎక్కడికి పోతుంది?

చెన్నైకి పెద్ద వానలు అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య కొద్ది రోజుల్లోనే కురుస్తాయి. ఆ నీటిని పట్టి ఉంచడానికే పెద్దలు చెరువులు తవ్వారు. గట్టు తీసేసినంత మాత్రాన పల్లం మెరక అవుతుందా? 2015 డిసెంబరు వరదల్లో నగరం మునిగింది. 2021 నవంబరులో త్యాగరాయనగర్ వీధుల్లో నీరు నిలిచింది. నీరు తన పాత ఇంటికే వచ్చిందన్నమాట.

ఇది ఒక్క పేటతో ఆగలేదు. తరువాతి కాలంలో హౌసింగ్ బోర్డు వేసిన కాలనీల్లో ‘మొగప్పేర్ ఏరి స్కీము’ అన్న పేరే ఉంది. తమిళంలో ఏరి అంటే చెరువు.

చట్టం మేలుకోవడానికి చాలా కాలం పట్టింది. చెరువులూ కుంటలూ ఊరి ఉమ్మడి సొత్తనీ, వాటిని ఇళ్ళ స్థలాలుగా పంచకూడదనీ సుప్రీంకోర్టు 2001లో తీర్పు చెప్పింది. 2007లో తమిళనాడు చెరువుల రక్షణకు ప్రత్యేక చట్టం చేసింది. 2008లో చెన్నైకి రెండవ బృహత్ ప్రణాళిక వచ్చింది. ఏ సర్వే నంబరు నివాసానికి, ఏది నీటికి అన్నది అందులో చూసుకోవచ్చు.

మీరు ఏ ఊళ్ళో స్థలం కొంటున్నా ఆమోదం ముద్ర ఒక్కటి చూసి ఊరుకోకండి. పాత గ్రామ పటం చూడండి. ఊరి పేరు చివర తమిళనాట ఏరి, తాంగల్, కుళం అని గాని, కన్నడనాట కెరె అని గాని ఉంటే కాస్త ఆగండి. ఆ వాడలో ముసలివారిని, “అవ్వా, వానాకాలంలో ఇక్కడ నీళ్ళెంత లోతు నిలిచేవి?” అని అడగండి. పటంలో గీత చెరిపేసినా నీరు తన దారి మరవదు.