వెలగపండు వెల ఎంత?

ధర్మపురి అనగానే గోదావరి, నరసింహస్వామి, వేదపండితులు గుర్తుకొస్తారు. జైనుల ఊసు ఎవరికీ తట్టదు. పదో శతాబ్దంలో వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి తన ఆస్థానకవి, జైనుడైన పంపకు ధర్మవురమనే అగ్రహారమిచ్చాడు. అది ఈ ధర్మపురేనని పలువురు పరిశోధకుల మాట. పంప తమ్ముడు జినవల్లభుడు వేయించిన కురిక్యాల శాసనంలో సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగు కందపద్యాలూ ఉన్నాయి. ఈ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. ఆ రాష్ట్రకూట రాజ్యంలోనే, అమోఘవర్షుడి కాలంలో, 850 ప్రాంతాన మహావీరాచార్యుడనే జైనుడు గణితసారసంగ్రహం రాశాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి దించాడు. ధర్మపురి బడిలో ఆ పుస్తకం చదివారని నేను అనను. మాటల్లో చెప్పిన లెక్కలోంచి సమీకరణం పట్టుకునే విద్య, ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలకు ఎంతో ముందే ఈ రాజ్యాల్లో నడిచిందని మాత్రం అంటాను.

మహావీరుడి లెక్క ఒకటి చూడండి. తొమ్మిది మాదీఫలాలు, ఏడు వెలగపండ్లు కలిపి వెల 107. ఏడు మాదీఫలాలు, తొమ్మిది వెలగపండ్లయితే 101. ఒక్కోదాని వెల ఎంత? ఆయన సూత్రం ప్రకారం పెద్ద వెలను పెద్ద సంఖ్యతో, చిన్న వెలను చిన్న సంఖ్యతో గుణించాలి: 963, 707. తేడా 256. దాన్ని 81లోంచి 49 తీసేయగా మిగిలిన 32తో భాగిస్తే 8. అది మాదీఫలం వెల. వెలగపండు 5 అని తేల్చడానికి ఇక కష్టం లేదు.

ఇది కంఠస్థం చేసిన కిటుకే కదా, సమీకరణం ఎక్కడుంది అని అడగవచ్చు. మొదటి వాక్యాన్ని తొమ్మిదింతలు, రెండోదాన్ని ఏడింతలు చేసి చూడండి: అటు 63 వెలగపండ్లు, ఇటూ 63. తీసివేస్తే వెలగపండు మాయమై, 32 మాదీఫలాల వెల 256 అని మిగులుతుంది. తొమ్మిదో, పదో తరగతిలో ఎక్స్, వైలతో చేయించే పని అచ్చంగా ఇదే. ఏ రెండు రాశులు సమానమో, దేన్ని తొలగించాలో తెలియకుండా అలాంటి సూత్రం పుట్టదు.

పండ్లవాడు విడి ధర చెప్పకుండా మొత్తం చెప్తాడా అన్నది ఇంకో ఆక్షేపణ. నిజమే, చెప్పడు, ఆ లెక్క పిల్లల కోసం అల్లిందే. కానీ ఆ లెక్క ఉన్న మిశ్రకవ్యవహారం అనే అధ్యాయంలోనే వడ్డీ లెక్కలున్నాయి, వేర్వేరు మేలిమి బంగారాలను కలిపి కరిగించే లెక్కలున్నాయి. అసలూ వడ్డీ కలిసిపోయిన మొత్తాన్ని విడదీయడం షావుకారుకు రోజువారీ అవసరం. పండ్ల లెక్క దానికి సాధన.

సూత్రానికి హద్దు లేకపోలేదు. 9, 7 అంకెలు రెండో వాక్యంలో తారుమారు అయ్యాయి కాబట్టే అది పనిచేసింది. రెండోసారి కొన్నవి ఐదు, మూడు అయితే ఈ సూత్రం చేతులెత్తేస్తుంది, అక్షరాల పద్ధతి ఆగదు. ఆ పద్ధతీ కొత్తగా దిగుమతి అయింది కాదు. 628లోనే బ్రహ్మగుప్తుడు తెలియని రాశులకు రంగుల పేర్లు పెట్టి సమీకరణాలు సాధించాడు. అయినా మహావీరుడు పద్యసూత్రాన్నే పట్టుకున్నాడంటే, కాగితం లేని బడిలో నోటికి నిలిచేది పద్యమే గనక అని నా అభిప్రాయం.