ఆటగాని జీతం

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. సర్వీసంతా జీతాల బిల్లులు చూసిన గుమాస్తాను. నాకు తెలిసిన చరిత్ర జీతాలదే.

మొన్న కణేకల్లులో మా వీధి కుర్రవాడు ఇంటికి వచ్చాడు. పంతొమ్మిదేండ్లు, కబడ్డీ బాగా ఆడతాడు. ఒక జట్టువారు సీజనుకు ఇంతని ఇస్తామన్నారట. "డిగ్రీ ఇడిసిపెట్టి పోదునా తాతా?" అన్నాడు. తండ్రిది మెట్ట శెనక్కాయ సేద్యం. వెంటనే జవాబు చెప్పలేక పాత సంగతులు తిరగవేశాను.

ఆటకు కూలి అనే తగవు ఇంగ్లండులో పెద్దగా రేగింది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో ఉత్తరాది రగ్బీ క్లబ్బులు కూడి పాత సంఘం నుండి విడిపోయాయి. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవారు ఆట కోసం పని మానితే, పోయిన కూలి రోజుకు ఆరు షిల్లింగుల వరకు ఇవ్వాలన్నదే తగాదా. నేటి రగ్బీ లీగ్ అలా పుట్టింది. 1898లో బాహాటంగా డబ్బు ఇవ్వవచ్చునన్నారు గాని, ఆటగాడికి వేరే ఉద్యోగం ఉండితీరాలన్నారు. ఆ షరతు తర్వాత ఎత్తివేశారు. నాకు మాత్రం అది నచ్చింది.

మన హైదరాబాదులో ఆ షరతు ఎవరూ పెట్టకుండానే నడిచింది. సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టువారికి జీతం పోలీసు ఉద్యోగానికే. శిక్షకులు రహీం గారు, వృత్తికి ఉపాధ్యాయులు. 1950లో డ్యూరాండ్ కప్పు, 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు! అయినా సికింద్రాబాదు బలరాం వంటి మేటి 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన ఆట 1963లోనే ఆగిపోయింది. అప్పటికి ఇరవయ్యేడేండ్లు.

2008లో ఐపీఎల్ వచ్చినప్పుడు అండర్-19 కుర్రవాళ్లను వేలంలో పెట్టలేదు, ముందే రేటు ఖరారు చేశారు. విరాట్ కోహ్లీకి దక్కింది 30 వేల డాలర్లు. పిల్లలను వేలంపాట నుండి తప్పించాలన్నది మంచి మాటే గాని, చవకగా దొరికింది యజమానులకు. 2010లో రవీంద్ర జడేజా వేరే జట్లతో బేరమాడబోయాడని ఆ సీజనంతా ఆడనివ్వలేదు. మన సంఘం ఉండి ఉంటే ఊరుకునేదా?

మా కుర్రవాడి మనసులో ఉన్నది వేరే అంకె. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కు పెట్టిన 2 కోట్ల 60 లక్షల పైచిలుకు.

నేనూ ఆడినవాణ్ణే. గెలిస్తే స్టీలు బిందె, టెంకాయ. మోకాలు చెడిన తర్వాత ఆడించినవారు ఒక్కరూ గుమ్మం తొక్కలేదు. అందుకే మొత్తం ఎంతని అడగలేదు. హెచ్చెల్సీ కాలువ కింద వరి పెట్టినవానికీ, వానకు ఎదురుచూసేవానికీ తేడా వాడికి తెలుసు. "పన్నెండు నెలలూ పంచి ఇస్తారా? దెబ్బ తగిలితే వైద్యం, జీతం ఎవరివి? పీఎఫ్ కోస్తారా? కాలేజీ ఫీజు కడతారా? ఈ నాలుగూ వ్రాయించుకో, రేటు కొంచెం తగ్గినా ఫర్వాలేదు" అన్నాను.

"అట్లడిగితే వద్దంటారేమో తాతా" అన్నాడు. అనవచ్చు. ఒప్పంద కాగితం సంతకానికి ముందు నాకు చూపమన్నాను. ఆదివారం తెస్తానన్నాడు.