భయం ఉంది, పరీక్ష లేదు: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణపై తెలుగు రాష్ట్రాల స్త్రీల అవగాహన

సారాంశం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌పై స్త్రీల అవగాహనను కొలిచే సర్వేలు చాలావరకు “ఈ జబ్బు గురించి విన్నారా?” అన్న ప్రశ్నతో మొదలవుతాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆ ప్రశ్న చాలదని ఈ వ్యాసం వాదిస్తుంది. ఇక్కడ ముందస్తు పరీక్ష చేయించుకున్నవారు బహు తక్కువ. గర్భసంచి తీయించుకున్నవారు మాత్రం దేశంలోకెల్లా ఎక్కువ. ఈ రెండు వాస్తవాలనూ, ఖమ్మం టీకా అనుభవాన్నీ కలిపి పరిశీలించి, అవగాహనకు కొలమానం ఏది కావాలో సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: హెచ్‌పీవీ, ముందస్తు పరీక్ష, గర్భసంచి తొలగింపు, సమ్మతి, ఆశా కార్యకర్తలు

ఉపోద్ఘాతం

ప్రపంచ క్యాన్సర్ గణాంకాల సంకలనమైన గ్లోబోకాన్ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో 1,27,000 మందికి పైగా స్త్రీలకు ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది. దాదాపు 80,000 మంది దీనితో చనిపోయారు. ముందే పసిగడితే ఆపగలిగిన జబ్బు ఇంతమందిని పొట్టన పెట్టుకోవడం బాధాకరం. దాదాపు ప్రతి కేసుకూ మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ). లైంగిక సంపర్కం ద్వారా సోకే ఈ వైరస్ చాలామందిలో ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొందరిలో తిష్ఠ వేసి ముఖద్వార కణాల్లో మార్పులు తెస్తుంది. అవి క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 10 నుంచి 20 ఏళ్లు పడుతుంది. తొలి దశల్లో స్త్రీకి ఏ బాధా తెలియదు. కాబట్టి ఏ ఇబ్బందీ లేనప్పుడే పరీక్ష చేయించుకోవాలి. నివారణలో స్త్రీలకు అన్నిటికన్నా ముందు చేరవలసిన మాట ఇదే, ఇంకా చేరనిదీ ఇదే.

రెండు అంకెల మధ్య

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు దేశంలో 1.9 శాతమే. తమిళనాడులో ఇది 10 శాతానికి చేరువలో ఉండగా, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 5 శాతం లోపే. ఇక 2015–16 సర్వే చూస్తే, 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తర్వాతి సర్వేలోనూ ఈ రెండు రాష్ట్రాలే ముందున్నాయి. సర్వేలూ, వయోవర్గాలూ వేరు కనుక ఈ అంకెలను నేరుగా పోల్చరాదు. అయినా అవి చూపే దిశ స్పష్టంగానే ఉంది.

ఆపరేషన్‌కు స్త్రీలు ఎక్కువగా చెప్పిన కారణాలు అధిక రక్తస్రావం, నొప్పి. అయితే తెల్లబట్ట అవుతోందని వెళ్లినవారికి “ఇలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది” అన్న మాట వినిపించడం ఇక్కడి పల్లెల్లో అరుదు కాదు. తెల్లబట్ట చాలాసార్లు మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్ మాత్రమే. పిల్లలు పుట్టేశారు కదా, ఇక గర్భసంచితో పనేముందన్న ఆలోచన ఆ భయానికి తోడవుతుంది. గర్భసంచితోపాటు అండాశయాలనూ తీసేస్తే ముట్లు ఆగిపోవడమే కాదు, ఎముకల బలమూ ముందే సన్నగిల్లుతుంది. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. క్యాన్సర్ మాట మన స్త్రీల చెవిన పడుతూనే ఉంది. ఆ మాటతోపాటు పరీక్ష సంగతి అందడం లేదు.

పరీక్ష గురించి తెలియవలసినది

కేంద్ర ప్రభుత్వ 2016 మార్గదర్శకాల ప్రకారం 30–65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలి. మత్తు అక్కర్లేదు, కోత లేదు. ముఖద్వారం కనిపించేలా పరికరం అమర్చి, పలుచని ఎసిటిక్ ఆమ్లంలో ముంచిన దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు చెందిన చోటు తెల్లగా తేలుతుంది. అలా తేలినంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదు. మరింత పరీక్ష కావాలని అర్థం. క్యాన్సర్‌కు ముందు దశ అని తేలితే చాలావరకు ఆ కాస్త భాగానికి చికిత్స చేస్తే సరిపోతుంది, గర్భసంచి మొత్తం తీయనక్కర్లేదు.

ముంబయి మురికివాడల్లో ఈ పరీక్షను డాక్టర్లు కాక, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే చేశారు. ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2014లో ప్రకటించారు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1,30,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనంలో వైరస్‌నే నేరుగా గుర్తించే హెచ్‌పీవీ పరీక్ష ఒక్క విడతతోనే మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. మన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఉన్నచోట ఇది అందని పని కాదు.

ఖమ్మం నేర్పిన పాఠం

2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలకు ఈ వైరస్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను ప్రయోగాత్మకంగా వేశారు. కొందరు బాలికల మరణాలతో ఆందోళన రేగి, 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ సమ్మతి పత్రాల సంగతి వేరు: పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 పత్రాలపై సంతకాలు హాస్టల్ వార్డెన్లవి, 1,948 పత్రాలపై వేలిముద్రలు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ తీరును గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే. 9–14 ఏళ్ల బాలికలకు ఒకటి లేదా రెండు డోసులు చాలునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. ఎంత మంచి టీకా అయినా తల్లికి వివరించి, ఆమె అడిగినదానికి జవాబు చెప్పాకే బిడ్డకు వేయాలి. అడిగే వీలు లేనిచోట అనుమానమే మిగులుతుంది.

సూచనలు, ముగింపు

అవగాహన సర్వేలు ఇకపై నాలుగు ప్రశ్నలు అడగాలి: బాధ లేకపోయినా పరీక్ష అవసరమని తెలుసా? ఎక్కడ చేస్తారో తెలుసా? గర్భసంచి తీయించమన్నప్పుడు ముందు ఏ పరీక్ష అడగాలో తెలుసా? టీకా వేయించుకున్నవారికీ పెద్దయ్యాక పరీక్ష అవసరమేనని తెలుసా?

ఈ విషయాలను డ్వాక్రా సంఘాల సమావేశాల్లో చర్చించాలి. పరీక్ష ఎక్కడ, ఏ రోజు అన్నదీ అక్కడే చెప్పాలి. వైరస్ సోకడం నడతకు గుర్తు కాదని, పెళ్లయిన స్త్రీపురుషుల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదేనని మగవాళ్లకూ వివరించాలి. లేకపోతే నింద ఆడవాళ్ల మీదే పడుతుంది. పరీక్ష చేసే గదికి తలుపు, తెర, స్త్రీ సిబ్బంది ఉండాలి.

భయపెట్టి స్త్రీలను ఆస్పత్రికి రప్పించడం సులువు. ఆ భయం వాళ్లను పరీక్ష దాకా కాక ఆపరేషన్ బల్ల దాకా తీసుకుపోతోందని మన రెండు రాష్ట్రాల అనుభవం హెచ్చరిస్తోంది. “ముందు పరీక్ష చేయండి, ఆ తర్వాత మాట్లాడదాం” అని ఒక స్త్రీ డాక్టరును నిలదీసి అడగగలిగిననాడే ఆమెకు అవగాహన కలిగిందని మన పరిశోధనలు లెక్కించాలి.