కోడిపుంజు నుంచి గులాబీ దాకా

ప్యాట్రిక్ రస్సెల్ పేరు వినగానే మన వైద్యులకు రక్తపింజరి గుర్తుకు వస్తుంది. ఆ పాముకు ఆంగ్లంలో ఆయన పేరే స్థిరపడింది. ఆయన కూడా వైద్యుడే. 1803లో లండన్‌లో ఆయన ప్రచురించిన మరొక గ్రంథం తెలుగువారికి ఇంకా దగ్గరిది. విశాఖపట్నం తీరంలో సేకరించిన 200 చేపల వర్ణనలు, చిత్రాలు అందులో రెండు సంపుటాలుగా ఉన్నాయి. పరదేశంలో కూర్చుని ఆ పుటలు తిప్పేవారిని ఒక విషయం ఆపేస్తుంది. అక్కడ ఎన్నో చేపలకు శీర్షికలుగా ఉన్నవి మన రేవులో జాలరులు పలికిన పేర్లు.

పగడపు దిబ్బల్లోనూ రాతి సందుల్లోనూ తిరుగుతూ, ఈకల్లాంటి రెక్కలు విప్పుకునే విషపు ముళ్ళ చేప ఒకటుంది. రస్సెల్ దానిని 'కోడిపుంగి' అని నమోదు చేశాడు. రోమన్ లిపిలో నలిగిన ఆ మాటలో మన చెవికి కోడిపుంజే వినబడుతుంది. ఆ చేపను ఒక్కసారి చూసినవారికి ఆ పోలిక ఎందుకు పుట్టిందో వేరుగా చెప్పనక్కరలేదు.

కాని శాస్త్రలోకంలో ఆ పేరు చెల్లలేదు. లిన్నేయస్ 1758లో స్థిరపరచిన పద్ధతి ప్రకారం జంతువు పేరులో ప్రజాతిని, జాతిని తెలిపే రెండు పదాలు ఉండాలి. 1831లో బెన్నెట్ ఆ చేపకు 'టెరోయిస్ రస్సెలై' అని నామకరణం చేశాడు. పుంజు వెళ్ళిపోయి దొర మిగిలాడు. ఆయన గ్రంథంలో 'అంతిక దూండియావా'గా కనిపించే మరో దిబ్బ చేపకూ 1849లో అదే గతి పట్టింది. అదీ రస్సెల్ పేరిటే స్థిరపడింది.

ఈ రెండవ నామకరణం చేసిన పీటర్ బ్లీకర్ కూడా వైద్యుడే. 1842లో డచ్చి సైన్యపు వైద్యుడిగా బటేవియా చేరి, 1860 వరకు తూర్పు ఇండీస్‌లో ఉన్నాడు. చేపల బజారే ఆయనకు ప్రయోగశాల. జీవితకాలంలో దాదాపు 1,900 కొత్త జాతులను వర్ణించాడు. అరచేతిలో ఇమిడిపోయే ఆరుచారల రాస్ చేపకు 1857లో జాతినామం ఇచ్చినదీ ఆయనే.

అంతటి శ్రమలోనూ ఒక చిక్కు మిగిలింది. జాతి పేరు ఒక మూలనమూనాతో ముడిపడి ఉంటుంది. రోగనిర్ధారణ మీద సందేహం వస్తే దాచిన స్లయిడును మనం మళ్ళీ సూక్ష్మదర్శిని కింద పెట్టినట్టే, పేరు మీద వివాదం వస్తే శాస్త్రజ్ఞులు ఆ నమూనాను తిరిగి పరీక్షిస్తారు. బ్లీకర్ మాత్రం తరువాత దొరికిన చేపలను కూడా మొదటి చేప ఉన్న సీసాలోనే వేస్తూ వచ్చాడు. ఆ సీసాల్లో మూలనమూనా ఏదో తేల్చడం తరువాతివారికి పెద్ద పని అయింది.

నమూనా ఒక్కటే ఉంటే మాత్రం చిక్కు తీరుతుందా? 1983లో ఛాగోస్ ద్వీపాల నుంచి వచ్చిన ఒకే ఒక పిల్ల చేప ఆధారంగా 'సిర్రిలాబ్రస్ రుబ్రిస్క్వామిస్' అనే జాతిని వర్ణించారు. అక్కడికి సుమారు వెయ్యి కిలోమీటర్ల ఉత్తరాన, మాల్దీవుల దిబ్బల్లో 40 నుంచి 70 మీటర్ల లోతున కనిపించే గులాబీ రంగు చేపను దాని పెద్ద రూపమేనని చాలాకాలం అనుకున్నారు. పిల్లలో ఉన్న రంగులు పెద్దయ్యాక మారే కుటుంబమది. కాబట్టి ఆ పొరపాటు సహజమే.

పొలుసుల లెక్క, రెక్కముల్లు ఎత్తు, రంగులు, జన్యువులు పోల్చి చూసి, 2022లో అహ్మద్ నజీబ్, ఆయన సహచరులు అది వేరే జాతి అని తేల్చారు. తన దేశపు చేపను శాస్త్రీయంగా వర్ణించిన మొదటి మాల్దీవుల పరిశోధకుడు నజీబే. పెట్టిన పేరు 'సిర్రిలాబ్రస్ ఫినిఫెన్మా'. ధివేహి భాషలో ఫినిఫెన్మా అంటే గులాబీ. అది ఆ దేశపు జాతీయ పుష్పం.

పేరు రాకముందే ఆ చేప అక్వేరియం వ్యాపారంలో అమ్ముడుపోతూ ఉండేది. అందుకే ఈ నామకరణం పండితుల ముచ్చటగా మిగిలిపోదు. వేరే జాతి అని తెలియని ప్రాణిని ఎవరూ విడిగా లెక్కపెట్టరు. లెక్కలో లేనిది తరిగిపోయినా ఎవరికీ తెలియదు. విశాలమైన సముద్రంలో ఒకటి రెండు దీవుల చుట్టూ మాత్రమే బ్రతికే చిన్న చేపలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

రస్సెల్ మన పేర్లను చెవితో విని, తనకు చేతనైనట్టు రాసుకున్నాడు. అందుకు ఆయనకు మనం ఋణపడి ఉండాలి. కాని గ్రంథం ముఖపత్రం మీద ఉన్నది ఆయన పేరొక్కటే. ఆ పేర్లు చెప్పిన జాలరి ఎవరో అక్కడ కనబడడు. ధివేహి మాట నేరుగా శాస్త్రనామంలోకి ప్రవేశించడానికి ఆ తరువాత రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. మన తీరంలో ఇవాళ వలలు లాగుతున్నవారి నోట ఇంకా ఎన్ని పేర్లు బ్రతికి ఉన్నాయో, వాటిని ఈసారి తెలుగు లిపిలో, చెప్పినవారి పేర్లతో సహా రాసిపెట్టే పని మనది.